వేడి చేసింది

జ్వరకంకణం పచ్చగా వెలుగుతోంది కనుక నాలుగేళ్ళ ఇందీవర ఆరోగ్యంగా ఉన్నట్టే. విజయనగరంలో ఆ వెలుగుకు ఎదురులేదు. ఒంట్లో వేడి పెరగబోతుంటేనే కంకణం పసిగట్టి, చర్మం గుండా మందు పంపి దించేస్తుంది. నలభై ఏళ్ళుగా ఊళ్ళో ఏ తల్లీ తడిగుడ్డ పట్టుకుని మంచం పక్కన కూర్చోలేదు. ఎంత సుఖం! పిల్ల తల్లి హిమజ ఆ కంకణాల సంస్థలోనే ఇంజనీరు, నమ్మకం ఇంకాస్త ఎక్కువ.

"అమ్మీ, పిల్లకి వేడి చేసింది. కళ్ళు చూడు, ఎర్రగా ఎలాగున్నాయో," అంది అత్తగారు వరహాలమ్మ.

"సబ్జా నీళ్ళు పట్టండి అత్తయ్యా."

వారం రోజులుగా ఇదే మాట, ఇదే జవాబు. ఆ మధ్యాహ్నం పిల్ల చేతులు వాచి, గ్లాసు పట్టుకోలేక ఏడ్చేసరికి హిమజ హడలిపోయింది. ముగ్గురూ ఆసుపత్రికి పరుగెత్తారు.

డాక్టర్ నస్రీన్ పిల్ల ఎర్రటి నాలుక, పగిలిన పెదాలు చూసింది. "జ్వరం ఎన్నాళ్ళుగా?"

"అసలు లేదండీ. కంకణం ఒక్కసారీ ఎర్రబడలేదు."

"దించేస్తుంటే ఎలా ఎర్రబడుతుంది? ఇది కవాసాకి జబ్బులా ఉంది. రక్తనాళాలు వాస్తాయి. గుండె నాళాలు ఉబ్బకముందే, పది రోజుల్లోపే మందు ఎక్కించాలి. మొదలై ఎన్నాళ్ళయిందో చెప్పండి."

హిమజ కూతురి కంకణం తిప్పి చూసింది. దించిన వేడిని కంకణం నమోదు చేయదు. తల్లులు ఊరికే కంగారుపడతారని ఆ నమోదును తీసేయించింది తనే.

"ఇయాల్టికి ఎనిమిదో రోజమ్మా," అంది వరహాలమ్మ. "స్నానానికి కంకణం తీస్తే చాలు, ఒళ్ళు పెనంలా కాలిపోయీది."

"జ్వరమని చెప్పలేదేం అత్తయ్యా!"

"రోజూ చెప్పేను కదే, వేడి చేసిందని! జ్వరమంటే నీ కంకణం ఒప్పుకుంటాదేటి? నువ్వేమో సబ్జాలంటివి."

నస్రీన్ గుండె పరీక్ష చేసి తలెత్తింది. "నాళాలు బాగానే ఉన్నాయి. సమయముంది, భయం లేదు." మందు ఎక్కించడం మొదలుపెట్టి కంకణం విప్పేసింది. "నర్సు వచ్చి చూస్తుంటుంది. మధ్యలో ఒళ్ళు వేడెక్కినట్టుంటే పిలవండి."

హిమజ కూతురి నుదుటి మీద అరచెయ్యి పెట్టింది. చాలాసేపు అలాగే ఉంచింది. ఏడుపొచ్చేసింది.

"అత్తయ్యా, ఇది వేడేనా? నాకు తెలియడం లేదు."

వరహాలమ్మ కోడలి చేతిని ముందు తన నుదుటికి ఆనించుకుంది, తర్వాత పిల్ల నుదుటి మీద పెట్టింది.

"ఇప్పుడు చెప్పు."