గిర్నీ ఆగిన ఆదివారం

"ఆడోళ్లకు బస్సు ఫ్రీ అని నాకు టికెట్ లేదు గని, దీనికి లగేజీ టికెట్ కొట్టిండు కండక్టర్. ఇది మూడోసారి. ఈసారన్న బాగ చేస్తరా, లేకపోతె దీనికి బస్ పాస్ తీసుకోమంటరా?"

వనపర్తిలో నా కంప్యూటర్ షాపు కౌంటరు మీద, దుప్పటి చుట్టిన సీపీయూని పసిపిల్లను పడుకోబెట్టినట్టు దించి, రాధిక నడుం మీద చేతులు పెట్టుకుంది.

ఆత్మకూరు అమ్మాయి. వచ్చినప్పుడల్లా పోట్లాడుతుంది. పోట్లాడేటప్పుడు ఆమె ముక్కుపుల్ల తళుక్కుమంటుంది. అందుకే నేను ఒక మాటతో పోయేదానికి రెండు మాటలు ఎదురు చెబుతాను.

"మల్ల అదేనా?"

"అదే. పాటలు పెడితె ఏం కాదు. సినిమా చూస్తె ఏం కాదు. పెద్ద గేమ్ పెట్టి, మంచిగ ఊపు మీద ఉన్నప్పుడు టప్పుమని ఆరిపోతది. ఎర్రర్ లేదు, పాడు లేదు. మల్ల నొక్కితె ఏం తెల్వనట్టు ఆన్ అయితది."

మొదటిసారి దుమ్మంతా ఊది, ప్రాసెసర్ మీద పేస్టు మార్చాను. రెండోసారి ర్యామ్ మార్చి, డ్రైవర్లన్నీ కొత్తగా వేశాను. రెండుసార్లూ అదే గేమ్ నా షాపులో పొద్దంతా నడిచింది. వేడి కూడా ఎక్కువ కాలేదు. రోగం లేని రోగిని చూస్తున్న డాక్టరులా తయారయ్యాను.

"ఈడ మంచిగనే నడుస్తున్నది గదా?" అన్నాను.

"ఈడ నడిస్తె నాకేం లాభం? నేనేమన్న మీతోని ఈడ కాపురముంటనా?"

అనేసి నాలుక కరుచుకుంది. నా చేతిలోని స్క్రూడ్రైవర్ జారి కాలిమీద పడింది. నొప్పి తెలియలేదు.

ఆమె గొంతు తగ్గించింది. "శ్రీనాథ్ గారూ, ఆదివారం నాకు ట్రయల్ ఉన్నది. హైదరాబాద్ కంపెనీ. గేమ్ టెస్టర్ జాబ్. రెండు గంటలు వాళ్ల గేమ్ ఆడుకుంట తప్పులు పట్టియ్యాలె. మధ్యల సిస్టమ్ ఆగితె అంతే, ఇంకో ఛాన్స్ ఇయ్యరు."

"అయితె ఈడికొచ్చి ఆడు."

"ఆడనియ్యరు. ఇంటికాడ్నించి చేసే జాబ్, ఇంటికాడ్నే చేసి చూపియ్యాలె. కెమెరా ఆన్ ఉండాలె, రూముల ఇంకెవ్వరు ఉండొద్దు."

ఆమె కళ్లలో అప్పుడు పోట్లాట లేదు, భయం ఉంది. నాకది అస్సలు నచ్చలేదు. షట్టర్ సగం దించేశాను.

"నేనే మీ ఇంటికొచ్చి చూస్త."

"ఎప్పుడు?"

"ఇప్పుడే."

"అందరి ఇండ్లకు గిట్లనే పోతరా?"

"లేదు" అని నిజం చెప్పేశాను. ఆమె దుప్పటి మడత పెట్టడంలో మునిగిపోయింది.

ఆమె బస్సెక్కింది. నేను సీపీయూని బండికి కట్టుకుని బస్సు వెనకాలే వెళ్లాను. ఆత్మకూరు దాకా వెనక అద్దంలోంచి ఆమె సీపీయూనే చూసింది, నన్ను కాదు. అయినా నాకు బాగానే ఉంది.

వాళ్ల ఇంటి ముందుగది గిర్నీ. జొన్నలు, గోధుమలు, బియ్యం పిండి పట్టిస్తారు. రాధిక వాళ్లమ్మ భాగ్యమ్మ కనుబొమ్మల దాకా పిండితో తెల్లగా కూర్చుని ఉంది. "రా నాయనా" అంటూ నన్ను లోపలికి పంపింది.

సీపీయూ పెట్టి గేమ్ మొదలుపెట్టామో లేదో వాన అందుకుంది. రేకుల మీద చప్పుడు, కిటికీలోంచి తడిమట్టి వాసన. రాధిక హెడ్‌ఫోన్ పెట్టుకుని కొండల మీద గుర్రం ఉరికిస్తోంది. నేను పక్కన కుర్చీలో కూర్చుని తెర చూడాల్సింది పోయి ఆమెను చూస్తున్నాను.

భాగ్యమ్మ జొన్నరొట్టె, పుంటికూర తెచ్చి పెట్టింది. తిన్నాను. ఇంకో రొట్టె వేసింది. అదీ తిన్నాను. సిస్టమ్ ఆగలేదు.

రాధిక హెడ్‌ఫోన్ ఒక చెవి మీద నుంచి జరిపింది. "నా పరువు తీస్తున్నది చూడున్రి. మీరు కూసుంటె సక్కగ నడుస్తది."

"అయితె దినాం వచ్చి కూసుంట."

"రూముల ఎవ్వరు ఉండొద్దన్నరని చెప్పిన గదా."

"ఆదివారం తప్ప."

ఆమె నవ్వు ఆపుకుని హెడ్‌ఫోన్ సరిచేసుకుంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. హెడ్‌ఫోన్ కింద అవి పూర్తిగా దాగవు.

వాన వెలిసింది. బయట ఎవరో ఆడమనిషి గొంతు వినిపించింది. "భాగ్యమ్మా, వానకు ఆగిపోయిన. జర జల్ది పట్టియ్యి." వీధి చివరి జములమ్మ, జొన్నల డబ్బాతో వచ్చింది. ముందుగదిలో స్విచ్చు పడ్డ చప్పుడైంది. గిర్నీ గుర్రుమంది.

రాధిక తెర నల్లబడింది.

"పోయింది!" ఆమె కుర్చీలోంచి ఎగిరింది. "చూసినవా, పోయింది! నేను అబద్ధం చెప్పలే! చూసినవా శ్రీనాథ్!"

సిస్టమ్ ఆగినందుకు ఇంత సంబరపడిన మనిషిని నేను చూడలేదు. ఆ సంబరంలో 'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోయింది. ఇద్దరం గమనించాం.

నా సంచిలోంచి మీటరు తీసి ప్లగ్గులో పెట్టాను. గిర్నీ ఆపి మళ్లీ వేయమన్నాను. స్విచ్చు వేయగానే ఓల్టేజీ ధబీమని కింద పడి, మెల్లగా లేచింది.

"దొరికింది. గిర్నీ మోటరు షురూ అయితున్నప్పుడు కరెంటంతా ఒక్కసారి గుంజుకుంటది. పాటలు వినేటప్పుడు నీ సిస్టమ్‌కు తక్కువ కరెంటు చాలు, తట్టుకుంటది. పెద్ద గేమ్ ఆడేటప్పుడు ఎక్కువ కావాలె. సరిగ్గ గప్పుడే గిర్నీ పడితె ఆరిపోతది. గిరాకీ ఎప్పుడొస్తదో ఎవరికి తెల్సు? అందుకే ఎప్పుడు ఆగుతదో నీకు తెల్వలే."

"మరి నాకెన్నడు గిర్నీ ఇనపడలే?"

"హెడ్‌ఫోన్ పెట్టుకుంటివి. పెట్టుకోకున్నా, పుట్టినసంది వింటున్న చప్పుడు చెవులకెక్కుతదా?"

గుమ్మంలో భాగ్యమ్మ నిలబడి వింటోంది. "ఏంది నాయనా? మా రొట్టె తిని మా గిర్నీ మీదనే నేరమేస్తున్నవా?"

"నేరం కాదమ్మా, కరెంటు..."

"ఆ డబ్బా నిన్న మొన్నొచ్చింది. ఈ గిర్నీ నా బిడ్డ పుట్టకముందు సంది ఉన్నది. ఆయన పోయినంక ఇద్దర్ని బతికిచ్చింది ఇదే."

ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు.

మందు లేకపోలేదు. సిస్టమ్‌కు పెద్ద యూపీఎస్ పెడితే గిర్నీ నడిచినా ఏమీ కాదు. చిన్నవి ఈ బరువు మోయలేవు. పెద్దది హైదరాబాద్ నుంచి రావాలి. ఫోన్ చేశాను. బుధవారం అన్నారు. ట్రయల్ ఆదివారం.

"అమ్మా, రెండు గంటలు బంద్ పెట్టవే" అంది రాధిక.

భాగ్యమ్మ ఇబ్బందిగా చూసింది. "ఆదివారమే గదనే అందరొచ్చేది. జొన్నలు పట్టుకొచ్చిన మనిషిని ఇన్నేండ్లల్ల వాపస్ పంపలే. పొద్దుగూకితె వాళ్లింట్ల రొట్టె ఎట్లయితది?"

"బస్టాండు కాడ సాయన్న గిర్నీ ఉన్నది గదా" అన్నాను.

భాగ్యమ్మ ముఖం తిప్పుకుంది. రాధిక నా చెవి దగ్గరికి వంగి, "ఆ గిర్నీ పేరు మా ఇంట్ల ఎత్తరు" అని గుసగుసలాడింది. ఆ గుసగుస కోసం నేను ఆ పేరు ఇంకోసారి ఎత్తేవాణ్ణే.

"ఎవర్నీ వాపస్ పంపకున్రి. డబ్బాలు మీరు తీసుకోన్రి, పట్టిచ్చుకొచ్చుడు నా పని" అన్నాను. భాగ్యమ్మ మూతి ముడుచుకునే తల ఊపింది.

ఆదివారం రాధిక గది తలుపు వేసుకుంది. వేసుకునే ముందు నా వైపు చూసి, "ఆగదు గదా?" అని అడిగింది.

"ఆగనియ్య."

మొదటి డబ్బా వచ్చింది. బండికి కట్టుకుని సాయన్న గిర్నీకి పరిగెత్తాను. రెండోది, మూడోది. సాయన్న నన్ను వింతగా చూసి, "ఎవరి తాలూకు నువ్వు?" అన్నాడు. ఏం చెప్పాలో తెలియక "భాగ్యమ్మ గిర్నీ తాలూకు" అన్నాను. ఆయన నవ్వి నా డబ్బా ముందుకు జరిపించాడు. గాలికి పిండి లేచి జుట్టు, మీసం, రెప్పలు తెల్లబడ్డాయి.

నాలుగో డబ్బాతో వెనక్కి వస్తుంటే, సందు మలుపులో బ్రేకు వేశాను. ఎదురుగా భాగ్యమ్మ. నెత్తిన జములమ్మ డబ్బా. సాయన్న గిర్నీ వైపే నడుస్తోంది.

"అమ్మా, మీరెందుకు? నేను వస్తున్న గదా!"

"జములమ్మ తొందర పెట్టింది. అలవాటుకు చెయ్యి స్విచ్చు మీదికి పోయింది." ఆమె డబ్బా సరిచేసుకుంది. "ఆడ్నే ఉంటె చెయ్యి మల్ల పోతదని, తాళమేసి వచ్చిన."

బండి ఆపి ఆమె నెత్తి మీది డబ్బా దించుకున్నాను. ఆమె కొంగుతో చెమట తుడుచుకుంటూ నన్ను కిందినుంచి మీది దాకా చూసింది.

"ఒకటడుగుత, నిజం చెప్పు. సిస్టమ్ బాగ చేసెటోనివి, మా జొన్నలెందుకు మోస్తున్నవు?"

అబద్ధం చెప్పే ఓపిక లేదు. ముఖం నిండా పిండి ఉండటం వల్ల కొంచెం ధైర్యం కూడా వచ్చింది.

"మీ బిడ్డంటె నాకు ఇష్టమమ్మా."

"ఆమెకు చెప్పినవా?"

"లేదు."

"మరి నాకెందుకు చెప్తున్నవు? పో, ముందు జొన్నలు పట్టియ్యి." తిట్టినట్టే అంది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "మెత్తగ పట్టమను. సాయన్న బరక బరక పడ్తడు."

నేను తిరిగొచ్చేసరికి గిర్నీ ముందు నలుగురైదుగురు జమయ్యారు. భాగ్యమ్మ తాళం తీసి, స్విచ్చు దగ్గర కూర్చుని, లోపలి తలుపునే చూస్తోంది. తలుపు తెరుచుకుంది.

రాధిక గుమ్మం పట్టుకుని నిలబడింది. కళ్ల నిండా నీళ్లు. డబ్బా దించకుండానే అడిగాను.

"ఆగిందా?"

"ఆగలే." ముక్కు ఎగబీల్చింది. "ఒక్కసారి గూడ ఆగలే. ఒకటో తారీఖు సంది జాయిన్ కమ్మన్నరు."

భాగ్యమ్మ రెండు చేతులూ జోడించి గిర్నీకి మొక్కి, స్విచ్చు వేసింది. గిర్నీ గుర్రుమంది. ఆగిపోయిన గిరాకీ అంతా ముందుకు జరిగింది.

ఆ హోరులో రాధిక నా దగ్గరికొచ్చింది. నా రెప్పల మీది పిండిని చున్నీ కొసతో తుడిచి, ఏదో అంది.

"ఇనపడలే!" అరిచాను.

"బుధవారం యూపీఎస్ వస్తది!" ఆమె అరిచింది. "అది పెట్టినంక ఇగ రావా?"

"వస్త!"

"ఎందుకు? అన్ని బాగైనయి గదా!"

ఇంతకంటే మంచి సమయం రాదనిపించింది. ఈ చప్పుడులో ఆమెకు తప్ప ఎవరికి వినిపిస్తుంది? గుండెల నిండా గాలి పీల్చుకుని గట్టిగా అరిచాను.

"నువ్వంటె నాకు..."

గిర్నీ ఆగింది.

"...ఇష్టం రాధికా!"

సందు మొత్తం వినిపించింది. డబ్బాలు పట్టుకున్న వాళ్లంతా నా వైపు తిరిగారు. జములమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను స్విచ్చు వైపు చూశాను. భాగ్యమ్మ చెయ్యి ఇంకా దాని మీదే ఉంది.

"అమ్మా!" అంది రాధిక, సిగ్గుతో ఊపిరాడక.

"ఏందే? బంద్ పెట్టు బంద్ పెట్టు అని నువ్వే గదా అన్నవు. పెట్టిన." భాగ్యమ్మ నా వైపు తిరిగింది. "ఇప్పుడు చెప్పినవు గదా నాయనా. ఇగ ఆమె ఏమంటదో నిమ్మలంగ ఇను. అందాక గిర్నీ వెయ్య."

జొన్నలు పట్టుకుని అంత మంది నిలబడ్డా ఒక్కరూ తొందర పెట్టలేదు.

రాధిక తల వంచుకుని, చున్నీ కొసకు అంటిన పిండిని చూసుకుంటూ మెల్లగా అంది.

"నాక్కూడ."