ఎత్తుకుర్చీ మహారాజు

ఆ కుర్చీ ఎత్తు చూసినవాళ్ళెవరూ అందులో కూర్చునే మనిషి సినిమాలకు రంగులు దిద్దుతాడని అనుకోరు, తీర్పులు చెబుతాడనుకుంటారు. నిజానికి అది మామూలు కుర్చీయే. కింద చెక్క పీఠం వేయించుకున్నాడు. అదీ చాలదన్నట్టు పైన దిండ్లు పెట్టుకున్నాడు. స్టూడియోలో అందరూ అతన్ని 'మహారాజు' అని పిలిచేది అందుకే.

మహారాజుగారి రాజ్యం బేస్‌మెంట్‌లో ఒక కిటికీ లేని గది. గోడలకు బూడిద రంగు, తలుపుకు నల్ల తెర. బయటి వెలుతురు పిసరంత చొరబడినా స్క్రీన్ మీద రంగులు తప్పుగా కనిపిస్తాయని ఆ పనిలో ఒక నియమం. ఎవరి సినిమాలో సూర్యుడు ఎంత మండాలో, ఎవరి సాయంత్రం ఎంత ఎర్రబడాలో తేల్చే ఈ పెద్దమనిషి అసలు సూర్యుణ్ణి ముఖాముఖి చూసి ఎంత కాలమైందో అతనికే గుర్తులేదు. తెల్లారీ తెల్లారకముందే వచ్చి, పొద్దుపోయాక వెళ్తాడు. మధ్యాహ్నం భోజనం కూడా సింహాసనం మీదే.

ఆ రాజ్యంలోకి ఒకరోజు డైరెక్టరు అడుగుపెట్టింది. ఉప్పు మడుల్లో పనిచేసే ఆడవాళ్ళ మీద అరగంట డాక్యుమెంటరీ తీసింది. అదే మొదటి సినిమా. చేతిలో హార్డ్ డిస్క్, ఎండకి కమిలిన ముఖంలో బోలెడు ఆశ.

"నమస్కారమండీ!" అంది హుషారుగా.

"కూర్చోండి" అన్నాడు మహారాజు, లేవకుండానే సోఫా చూపించి.

ఆమె కూర్చుంది. కూర్చుంది అనడం మర్యాద కోసం, నిజానికి మునిగింది. ఆ సోఫాలో స్ప్రింగులు ఏనాడో ప్రాణాలు వదిలాయి. మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి.

"ఎవరైనా వస్తే లేచి పలకరించే అలవాటు లేదా మీకు?"

"పనిలో ఉన్నానండీ."

"స్క్రీన్ ఆఫ్‌లో ఉంది."

"ఆలోచిస్తున్నాను."

"ఓహో! మీరు ఆలోచిస్తుంటే చూడ్డానికి టికెట్ ఎంతండీ?"

పరిచయం ఇంత ముచ్చటగా జరిగాక పని ఎంత సజావుగా సాగిందో చెప్పాలా? అతను ఆకాశాన్ని తెల్లగా మెరిపిస్తే ఆమె పెదవి విరిచేది. ఆమె నీడలు కావాలంటే అతను నిట్టూర్చేవాడు. అన్నిటికీ మించి సోఫా గొడవ ఒకటి.

"ఇక్కణ్ణించి చూస్తే ఈ షాట్‌లో ముసలమ్మ ముఖం మాడిపోయినట్టుంది. ఒక్కసారి వచ్చి నా పక్కన కూర్చుని చూడండి."

"రంగు ఎక్కణ్ణించి చూసినా రంగేనండీ."

"అయితే దిగడానికేం?"

"నా కళ్ళు ఈ ఎత్తుకి అలవాటుపడ్డాయి."

"కళ్ళేనా, తల కూడానా?"

మర్నాడు అడిగితే నడుం నొప్పన్నాడు. ఆ మర్నాడు సోఫా దుమ్ము తనకి పడదన్నాడు. ఇంత పొగరుబోతుని జన్మలో చూడలేదని ఆమె తీర్మానించుకుంది. పైగా ఆ పొగరుబోతు పక్కకి తిరిగి నవ్వినప్పుడు బుగ్గ మీద సొట్ట పడటం చూసి, ఇలాంటి మనిషికి అది దండగ అని కూడా అనుకుంది.

అసలు సంగతి ఏమిటంటే, మహారాజు ఆ సోఫాలో కూర్చుంటే మళ్ళీ లేవలేడు.

ఏడాదిగా ఇదే వరస. మొదట మెట్లు బరువయ్యాయి. తర్వాత కింద కూర్చుని లేవాలంటే రెండు చేతులూ తొడల మీద ఆనించి, తనని తాను ఎవరో పైకి ఎగదోస్తున్నట్టు లేవాల్సి వచ్చింది. చేతులకేం కాలేదు, మౌస్ కదిపే వేళ్ళకేం కాలేదు. తొడలే మాట వినడం మానేశాయి.

అతనికి భయం ఎందుకంటే, ఇదంతా ఇంతకుముందు చూశాడు. చిన్నప్పట్నుంచి అతన్ని పెంచింది బాబాయి, పెళ్ళయ్యాక పిన్ని కూడా. బాబాయికి సరిగ్గా ఇదే వయసులో, ఇలాగే మొదలైంది. మెట్లు, కర్ర, చివరికి చక్రాల కుర్చీ. కండరాలు మెల్లమెల్లగా కరిగిపోయే జబ్బు. రక్తసంబంధంలో వచ్చే జబ్బు.

మరి డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చుగా? వెళితే జబ్బు ఖాయమైపోతుంది, వెళ్ళకపోతే అనుమానంగానే ఉండిపోతుందన్నది మహారాజుగారి సొంత వైద్యశాస్త్రం. ఆ శాస్త్రం ప్రకారమే ఎవర్నీ పెళ్ళి చేసుకుని కష్టపెట్టకూడదని నిర్ణయించుకున్నాడు. పిన్ని తెచ్చిన సంబంధాల్లో ఒకమ్మాయి ఎక్కువ నవ్వుతోందన్నాడు, ఇంకో అమ్మాయి అసలు నవ్వడం లేదన్నాడు. త్యాగమూర్తిని అనుకుని లోలోపల కాస్త మురిసిపోయాడు కూడా.

అంతా పకడ్బందీగా ఉందనుకుంటున్న సమయంలో ఈ అమ్మాయి వచ్చి పడింది.

బేస్‌మెంట్‌లో ఉన్నవాళ్ళకి వాన పడుతోందని తెలియాలంటే ఎవరో ఒకరు తడిసి రావాలి. ఆ రోజు ఆమె తడిసి వచ్చింది. జుట్టు చివరల నుంచి నీళ్ళు కారుతున్నాయి. చున్నీ కింద దాచి తెచ్చిన కాఫీ కప్పులు మాత్రం పొడిగా ఉన్నాయి.

"బయట వానండీ. మీకు తెలిసే అవకాశం లేదు కాబట్టి వార్తలు చదువుతున్నా" అంటూ ఒక కప్పు అందించింది.

అతను కప్పు అందుకుని ఆమెనే చూస్తూ ఉండిపోయాడు. అన్ని సినిమాల్లో అన్ని వానలు దిద్దాడు గానీ, ఏ ఒక్కటీ కాఫీ తెచ్చివ్వలేదు.

"ఈ ఒక్క షాట్ అండీ" అంది ఆమె, ఈసారి వెటకారం లేకుండా. "ఆ ముసలమ్మ నవ్వే షాట్. ఆవిడ నవ్వు కోసం వేసవంతా తిరిగాను. నేనడిగేది మీ ఆస్తి కాదు, సోఫాలో సగం."

ప్రేమలో పడ్డవాళ్ళు కొండలెక్కుతారు, నదులు ఈదుతారు. మనవాడు సోఫాలో కూర్చున్నాడు. సాహసంలో మాత్రం ఏమీ తక్కువ కాదు.

ఆశ్చర్యం, ఆమె చెప్పింది నిజమే. కింద నుంచి చూస్తే తను ఆకాశానికి పెట్టిన మెరుపంతా ఆ ముసలమ్మ ముఖాన్ని మింగేస్తోంది. "మీరే కరెక్ట్" అన్నాడు. ఆమె అంత దగ్గర నుంచి నవ్వేసరికి సొంత పేరు కూడా మర్చిపోయాడు.

"హమ్మయ్య! లేవండి, మార్చేద్దాం" అని ఆమె లేచింది.

"మీరు భోజనం చేసి రండి. నేను... ఇంకాసేపు చూస్తాను."

"స్క్రీన్ ఆరిపోయిందిగా ఇప్పుడే?"

"మనసులో చూస్తాను."

ఈ కళాకారులతో వేగలేమనుకుంటూ ఆమె లిఫ్టు దాకా వెళ్ళింది. పర్సు మర్చిపోయానని గుర్తొచ్చి వెనక్కి వచ్చింది.

మహారాజు నేల మీద ఉన్నాడు. సోఫా నుంచి జారి, మోకాళ్ళ మీద వంగి, ఒక చెయ్యి సోఫా మీద, ఒక చెయ్యి తొడ మీద వేసి పైకి లేవడానికి ప్రయత్నిస్తున్నాడు. నుదుటి మీద చెమట.

ఆమె నవ్వలేదు. దగ్గరికి వెళ్ళి భుజం కింద చెయ్యి వేసి లేపింది. లేపి, సింహాసనం దాకా నడిపించి, పీఠాన్నీ దిండ్లనీ చూసి, మొత్తం అర్థం చేసుకుంది.

"ఎన్నాళ్ళుగా?"

"ఏడాది."

"మా అమ్మ ఇలాగే లేచేది" అంది ఆమె నెమ్మదిగా. "గడప దాటని మనిషి. మోకాళ్ళ నొప్పులనుకుని నెలల తరబడి నూనెలు రాశాం. చివరికి చూస్తే విటమిన్ డి లేక తొడ కండరాలు నీరసించాయట. మీ గది చూస్తే మా అమ్మ వంటిల్లే నయం, దానికి కిటికీ అయినా ఉంది."

"నాది విటమిన్ కాదండీ" అని బాబాయి సంగతంతా చెప్పాడు. చెప్పి, నేల చూపులు చూస్తూ అన్నాడు, "మీరంటే నాకు చాలా ఇష్టం. అందుకే మీ సినిమా అవగానే మనం కలవకుండా ఉంటే మంచిది."

"ఇష్టమని చెప్పడం, పొమ్మనడం రెండూ ఒక్క ఊపిరిలోనా? ఎంత పొదుపండీ మీకు!" ఆమె కళ్ళు తుడుచుకుంది. "మీ ప్రేమ సంగతి తర్వాత చూద్దాం. ముందు డాక్టరు దగ్గరికి పదండి."

డాక్టరు పెద్దాయన. చేతులు వాడకుండా కుర్చీలోంచి లేవమన్నాడు. మహారాజు లేవలేకపోయాడు. పిక్కలూ భుజాలూ నొక్కి చూసి, ప్రశ్నలడిగి, "మొదట్లో ఆ కండరాల జబ్బూ, విటమిన్ లోపమూ రెండూ ఒకేలా కనిపించొచ్చు. ఊహలొద్దు, పరీక్షలు చేయిద్దాం. నాలుగు రోజులాగి రండి" అన్నాడు.

తిరిగి వస్తూ ఆమె అతన్ని ఇంటి దగ్గర దింపింది. దింపి ఊరుకుంటే బాగుండేది, లోపలికి కూడా వచ్చింది. హాల్లో చక్రాల కుర్చీలో బాబాయి పేపరు చదువుకుంటున్నాడు.

"మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?" అని ఆమె చెవిలో అడిగింది.

అతనే చెప్పాడు. కాళ్ళ సంగతి, పెళ్ళి వద్దనుకున్న సంగతి. బాబాయి పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"అంటే నాలా అయిపోతానని పెళ్ళి మానేశావన్నమాట. నాలా అవడం అంత ఘోరమట్రా?"

"అది కాదు బాబాయ్..."

"ఏమే, విన్నావా? నన్ను కట్టుకుని నీ బతుకు నాశనమైపోయిందట. ఇన్నేళ్ళూ మనకి తెలియనే లేదు!"

పిన్ని వంటింట్లోంచి తొంగిచూసింది. "నాశనమైన మాట నిజమే. జబ్బు వల్ల కాదు, మీ నోటి వల్ల."

"పెళ్ళికి ముందే మీకు తెలుసా అండీ?" అని అడిగింది డైరెక్టరు.

"తెలియకేం? కర్ర పట్టుకునే వచ్చి చేసుకుంటావా అని అడిగారు" అంది పిన్ని చేతులు తుడుచుకుంటూ. "అడిగింది ఈయన, కర్ర కాదుగా. నాకు ఈయనే కావాలనిపించింది, సరే అన్నాను. కష్టం లేదని అనను తల్లీ. కానీ ఆ కష్టం నాకొద్దో కావాలో నేను చెప్పాలి గానీ, నా తరఫున ఇంకొకరు నిర్ణయించేస్తే ఒళ్ళు మండుతుంది."

మహారాజుకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇన్నాళ్ళూ త్యాగం అనుకున్నది, ఆ మాట విన్నాక ఉత్త అహంకారంలా అనిపించింది.

నాలుగు రోజులూ అతను నిద్రపోలేదు. డాక్టరు గది బయట బెంచీ మీద కూర్చుంటే చేతులు చల్లబడిపోయాయి. వాళ్ళ ముందు ఇంకొక్కరే ఉన్నారు. ఆమె ఫోను చూసుకుంటున్నట్టు నటిస్తోంది. స్క్రీన్ నల్లగా ఉంది.

"ఒక మాట అడగాలి" అన్నాడు. "లోపలికి వెళ్ళకముందే. నాకు భయంగా ఉంది. ఆ జబ్బే అయితే ఏం చేయాలో నాకు తెలీదు. కానీ మీరు లేకుండా మాత్రం వద్దు. నన్ను పెళ్ళి చేసుకుంటారా? ఆయన ఏం చెప్పినా?"

ఆమె ఫోను సంచిలో పెట్టుకుంది.

"రిపోర్టు బాగుందని తెలిశాక అడుగుతారేమోనని నాలుగు రోజుల్నించి భయపడి చస్తున్నా."

"ఎందుకు?"

"అప్పుడైతే ఒప్పుకునేదాన్ని కాదు. రిపోర్టు చూసి ఒప్పుకోవడానికి మీరేమన్నా పాలసీనా, నేనేమన్నా బీమా కంపెనీనా?" అని అతని చల్లటి చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది. "చేసుకుంటాను. ఆయన ఏం చెప్పినా."

అప్పుడే లోపలికి పిలిచారు.

డాక్టరు కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "ఏం పని చేస్తానన్నారు మీరు?"

"సినిమాలకు రంగులు దిద్దుతానండీ."

"ఎక్కడ, గనిలోనా? ఇంత తక్కువ విటమిన్ డి చూసి మెషీన్ చెడిందేమోనని పరీక్ష రెండోసారి చేయించాను."

"మరి... ఆ జబ్బు?"

"కండరాలు పాడవుతుంటే రక్తంలో ఒక ఎంజైమ్ పెరుగుతుంది, మీకు పెరగలేదు. నరాల పరీక్ష కూడా బాగుంది. మీ బాబాయిగారి జబ్బు ఆనవాళ్ళేమీ లేవు. విటమిన్ డి లేకపోతే ఎముకలే కాదు, తొడల్లో, తుంటి దగ్గర కండరాలు కూడా నీరసిస్తాయి. నేను రాసినట్టే మందు వాడండి. తొందరపడి ఎక్కువ మింగితే అదో ప్రమాదం. కొన్ని నెలలు పడుతుంది, కోలుకుంటారు. పగటిపూట బయటికి కూడా వస్తూ ఉండండి. సూర్యుడు ఉచితం."

మహారాజు ఆ గదిలోనే భోరుమన్నాడు. మందులంటే ఇంత భయమా అన్నట్టు డాక్టరు ఆమె వైపు చూశాడు.

బయటికి రాగానే ఇంటికి ఫోన్ చేశాడు. పిన్ని ఎత్తింది. అతను చెప్పింది విని "హమ్మయ్య, హమ్మయ్య" అని చాలాసార్లు అంది.

"బాబాయికివ్వు పిన్నీ."

పిన్ని గొంతు తగ్గించి అంది, "మాట్లాడలేకపోతున్నార్రా, ఏడుస్తున్నారు. నువ్వు తొడల మీద చేతులు వేసుకుని లేవడం మొదట చూసింది ఆయనే. నా జబ్బు వాడికి అంటగట్టానే అని ఏడాదిగా కుమిలిపోతున్నారు. నిన్ను అడగడానికి నోరు రాలేదు. నువ్వు పెళ్ళి వద్దన్న ప్రతిసారీ నా దగ్గర ఏడ్చారు."

అతను ఫోను చెవి మీంచి దించేశాడు. ఒకే ఇంట్లో, ఒకే భయాన్ని ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు మోశారు. ఆమె మెల్లగా ఫోను తన చేతిలోకి తీసుకుంది.

"నువ్వేనా అమ్మా?" బాబాయి గొంతు సవరించుకున్నాడు. "వాడికి ఏ రోగమూ లేదట. పాపం, తప్పించుకోవడానికి నీకిక దారి లేదు."

"నేను ముందే ఒప్పేసుకున్నాను మావయ్యగారూ. డాక్టరుగారు నోరు విప్పకముందే."

"ముందేనా?"

"ముందే."



"మీ అత్తయ్యా ఇంతే" అన్నాడు బాబాయి, ముక్కు ఎగబీల్చుకుంటూ. "ఈ ఇంటికొచ్చే ఆడవాళ్ళకి బొత్తిగా ముందుచూపు లేదు."