తాగే నోరు లేని పాలు

"ఎవరికి చెబుతున్నారత్తయ్యా ఆ స్తోత్రాలు? నా బిడ్డని మట్టిలో పెట్టించినవాడికా?"

కోడలి మాటకు ఇల్లంతా స్తంభించిపోయింది! సాయంకాల ప్రార్థనలో మోకాళ్ళ మీదున్న అత్తగారు కళ్ళు తెరిచింది. అంబులెన్సు నడిపే కొడుకు తల దించుకున్నాడు. తొలిచూలు మగబిడ్డ, పుట్టీ పుట్టగానే కన్నుమూశాడు. కోడలు గదిలోకి పరుగెత్తి మంచం మీద వాలిపోయింది. బిడ్డ పోయాడు గానీ పాలు ఆగలేదు... రొమ్ములు రాళ్ళలా గట్టిపడి, కట్టుకున్న బట్టలు తడిసి ముద్దవుతున్నాయి. తాగే నోరు లేని పాలు! ఇంతకన్నా పెద్ద శిక్ష ఏ తల్లికైనా ఉంటుందా?

అత్తగారు వేడినీళ్ళ గిన్నె, మెత్తని గుడ్డ పట్టుకొచ్చి పక్కన కూర్చుంది. కాపడం పెడుతూ గొణిగింది.

"కోపంగా ఉందా? ఉండనీ. నేను మాత్రం ఊరుకున్నాననుకున్నావా? లేచింది మొదలు ఆయనతో పోట్లాటే నాకు! ఇదేం పని ప్రభువా, సంజాయిషీ చెప్పు అని నిలదీస్తున్నా. పోట్లాడాలన్నా ఆయన దగ్గరికే పోవాలి, మనకింకెవరున్నారే?"

ఏడుపు మధ్యలోనే కోడలికి నవ్వొచ్చింది. ఆ నవ్వుకే మళ్ళీ ఏడుపొచ్చింది. అత్తగారి ఒళ్ళో తల పెట్టుకుని అలాగే నిద్రపోయింది.

మర్నాడు మధ్యాహ్నం భర్త ఇంటికొచ్చి, గుమ్మంలోనే నిలబడి నీళ్ళు నమిలాడు.

"ఆసుపత్రిలో ఓ పసిపిల్ల ఉంది... నెలలు నిండకుండా పుట్టింది. తల్లికి ఒంటి మీద తెలివి లేదు. తల్లిపాలు పడితేనే నిలుస్తుందంటున్నారు డాక్టరమ్మగారు. నేను... ఊరికే చెబుతున్నానంతే..."

"నోర్ముయ్!" అత్తగారు గయ్యిమంది. "గుండె పగిలి పడున్న పిల్లని ఇదా అడగడం? బుద్ధి గడ్డి తిందా నీకు?"

"ఆ పాప ఆకలికి ఏడుస్తోందాండీ?" మెల్లగా అడిగింది కోడలు.

"ఏడ్చే ఓపిక్కూడా లేదు దానికి."

ఆమె లేచి చెప్పులు వేసుకుంది. అత్తగారు గబగబా తనూ బయల్దేరింది!

ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసి సరేనన్నాక, నర్సు దగ్గరుండి పాలు తీయించింది. గాజు పెట్టెలో అరచేతంత పాప. సన్నని గొట్టంలోంచి ఒక్కొక్క చుక్కే కిందికి దిగుతోంది... పాప పెదవులు చప్పరించినట్టు కదిలాయి! కోడలు గాజుకు నుదురానించింది. ప్రభువా, నా ప్రశ్నకి నువ్వింకా జవాబు చెప్పలేదు... అయినా అడుగుతున్నాను, ఈ బిడ్డని బతికించు! బిడ్డ పోయాక ఆమె నోరు తెరిచి చేసిన మొదటి ప్రార్థన అది.

రోజూ వెళ్ళేది. పాప కాస్త ఒళ్ళు చేసిందని నర్సు చెప్పిన రోజున ఆమె ముఖం వెలిగిపోయింది. ఆ వెంటనే భయపడింది.

"అత్తయ్యా, నాకు సంతోషంగా ఉంది... వాణ్ణి మర్చిపోతున్నానా? ఇది తప్పు కాదూ?"

"తప్పేంటే పిచ్చితల్లీ!" అత్తగారు ఆమెను పొదివి పట్టుకుంది. "దుఃఖమున్న చోటికి సంతోషం రాకూడదని ఎవరన్నారు? సమాధిలోంచి లేచొచ్చినప్పుడు ప్రభువు చేతుల్లో ఆ గాయాలు అలాగే ఉన్నాయి కదా! గాయాలతోనే లేచాడే ఆయన... గాయాలతోనే!"

కోడలు చాలాసేపు ఏడ్చింది. గుండెలో బరువు అలాగే ఉంది. కానీ దాన్ని తనొక్కతే మోయడం లేదని మొదటిసారిగా అనిపించింది.

కొన్నాళ్ళకు పాప తల్లి కోలుకుంది. కూతుర్ని ఒళ్ళో పెట్టుకుని, పాలిచ్చిన తల్లి చేయి పట్టుకుంది.

"అక్కా... మీ బాబుకి ఏం పేరనుకున్నారు?"

కోడలు నివ్వెరపోయింది! బాధపడుతుందేమోనని ఇంట్లో, చర్చిలో ఎవరూ అడగని మాట అది.

"ఎందుకమ్మా ఇప్పుడు?"

"ఒక్క తల్లి పాలు కదక్కా! ఇది పెద్దదై, మా అన్నయ్య పేరేంటని అడిగితే నేనేం చెప్పను? రేపు ప్రభువు దగ్గర కలుసుకున్నప్పుడు ఏమని పిలుస్తుంది?"

కోడలి కళ్ళు నిండిపోయాయి. వంగి, పాప చెవిలో తన కొడుకు పేరు చెప్పింది. పక్కనే నిలబడ్డ అత్తగారు కొంగుతో ముఖం తుడుచుకుని, "గట్టిగా చెప్పవే," అంది. "నానమ్మని, నేనూ వినాలిగా!"