గ్యారేజీ గడప మీద ఎవరో

ఆ వీధి చివరి ఇంటి గ్యారేజీకి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక దాని తలుపు మూతపడదని చెప్పుకునేవారు. మోటారు గుర్రుమనగానే పలకలు పలకలుగా సగం దాకా దిగుతుందట... ఆగుతుందట... ఒక్క క్షణం తటపటాయించి, మళ్ళీ పైకి పోతుందట — అచ్చం గడప మీద ఎవరో నిలబడి ఉన్నట్టు.

ఆ మాట విని ముగ్గురు ఆ ఇల్లు కొనకుండానే వెనుదిరిగారు. నాలుగోవారు ఓవర్సీరుగారు. ఉద్యోగ విరమణ చేసి ఆరేళ్ళయినా ఆయన్ని అందరూ అలాగే పిలిచేవారు; పిలవకపోతే ఆయన పలికేవారు కారు. దెయ్యాలు గాడిదలకు మాత్రమే కనిపిస్తాయన్నది వారి సిద్ధాంతం. ఆ లెక్కన వీధిలో మనుషుల జనాభా ఆయన దృష్టిలో బహు స్వల్పం.

చేరిన వారం రోజుల్లోనే తలుపు మూడు రాత్రులు దిగినట్టే దిగి వెనక్కి పోయింది. నాలుగో ఉదయం ఆయన భార్య కాఫీ గ్లాసు ముందు పెట్టి, మెల్లగానే అంది.

"ఏమండీ, రాత్రంతా నోరు తెరుచుకుని ఉండే ఇంట్లో నాకు నిద్ర పట్టదు. ఈ రాత్రికి అది మూతపడకపోతే మా తమ్ముడి దగ్గరికి పోతాను. మీరూ మీ తలుపూ హాయిగా ఉండండి."

ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆవిడ ఉత్తుత్తి బెదిరింపు ఒక్కటీ చేసి ఎరగదు. ఆ సంగతి ఆయనకు తెలుసు.

"షట్టరు మేస్త్రీని పిలుద్దామా?" అందావిడ.

"వాడినా! స్క్రూడ్రైవరు ఏ కొసన పట్టుకోవాలో నన్నడిగి నేర్చుకునే రకం."

ఎదురింటి నర్సమ్మ గేటు దగ్గరే నిలబడి గొంతు తగ్గించింది. "అన్నయ్యగారూ, ఇదివరకటి ఇంటాయన ఆ తలుపును కన్నబిడ్డలా చూసుకునేవారు. నెల తిరిగేసరికి చక్రాలకు నూనె పెట్టడం, మరలు బిగించడం... ఆయన పోయాకే ఇది మొదలైంది. రాత్రిపూట అక్కడే..."

"నూనె సీసా పట్టుకుని నిలబడతాడా తల్లీ? పాపం, స్వర్గంలో కూడా కూలి పనేనన్నమాట!" అని ఆయన లోపలికి నడిచారు.

పరిశీలించగా రహస్యం తేలిపోయింది. గడపకు ఇరువైపులా, జానెడు ఎత్తున, గోళీకాయల్లాంటి రెండు గాజుకళ్ళు ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి. వాటి చూపుకు ఏదైనా అడ్డం వస్తే తలుపు పైకి పోతుంది. పైకప్పుకు ఉన్న బల్బు టపటపా కొట్టుకుంటుంది. ఇంతే!

"ఆకు కదిలినా అదిరిపడే పిరికి కళ్ళు," అన్నారాయన. రెండింటినీ తీగలు తెగకుండా ఊడదీసి, ఎదురెదురుగా అతికించి, టేపు చుట్టి, అటక మీద పడేశారు. ఇక అవి ఒకదాని మొహం ఒకటి చూసుకోవలసిందే. లోకంతో వాటికి పనిలేదు.

అయినా తలుపు ఎండిన పట్టాలలో కీచుమంటూ మధ్యలో మొరాయించింది. నూనె పెట్టడం ఆయనకు నామోషీ. మోటారు బలాన్ని పెంచే మరను చివరికంటా తిప్పేశారు. ఈసారి తలుపు దభీమని నేలకు తాకింది.

"ఇప్పుడు ఏనుగు అడ్డం పడుకున్నా ఆగదు," అని భార్యకు ప్రకటించారు.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళ దాటాక, కారు బయట నిలిపి, నర్సమ్మను కేకేసి మరీ పిలిచారు. "రావమ్మా, మీ దెయ్యానికి వీడ్కోలు చెప్పు!" అంటూ ఆవిడ వైపే తిరిగి, వెనక్కి చూడకుండానే రిమోటు నొక్కారు.

నర్సమ్మ ముఖం పాలిపోయింది. "అన్నయ్యగారూ... వదిన..."

ఆయన తిరిగి చూశారు. గడప మీద ఆయన భార్య — ఆయన పొద్దున ఊడదీసి పారేసిన మరలను ఒక్కొక్కటే ఏరుతూ, వంగి, వీపు ఇటు తిప్పి. లోపల నీళ్ళ మోటారు రొదలో ఆవిడకేమీ వినిపించడం లేదు.

తలుపు దిగుతోంది.

మళ్ళీ నొక్కబోయే కంగారులో రిమోటు కింద పడిపోయింది. పలక అంచు సగం దాకా దిగింది... వీపుకు జానెడు... బెత్తెడు...

ఆగింది.

బల్బు టపటపా కొట్టుకుంది. తలుపు నెమ్మదిగా, ఎంతో మర్యాదగా, పైకి వెళ్ళిపోయింది.

తెల్లారగానే ఆవిడే మేస్త్రీని పిలిపించింది. అతను అటక మీది కళ్ళ మూటను విప్పకుండానే చూశాడు, నవ్వలేదు. గడప మీద ఒక చెక్క పెట్టి బటన్ నొక్కాడు. తలుపు దిగింది. చెక్కను తాకింది. ఆగలేదు. చెక్క ఫెళ్ళున విరిగింది. మోటారు ఇంకా అదుముతూనే ఉంది.

"ఇది తగిలినా ఆగదు సార్."

"మరి నిన్న... తగలకముందే..." అన్నారు ఓవర్సీరుగారు.

"కళ్ళా, కట్టిపడేశారు. బలమా, చివరికంటా తిప్పారు. నేను చెప్పగలిగింది ఇంతే." మేస్త్రీ చేతులు తుడుచుకుని, గడపను తొక్కకుండా పక్కగా దాటి బయటికి వెళ్ళాడు.

ఆవిడ లోపలికెళ్ళి ఒక పెట్టె తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"వెళ్ళిపోతావా?" అన్నారాయన దీనంగా.

"నేనెందుకండీ? తలుపు దించే ముందు మనిషి ఉందో లేదో చూసేవారు ఈ ఇంట్లో ఒకరున్నారు. నాకు భయం లేదు." పెట్టెను ఆయన వైపు జరిపింది. "ఇందులో ఉన్నవి మీ చొక్కాలు. మా తమ్ముడికి చెప్పాను."