ఒకే ఒక్క పాఠకురాలు

"మెరుపు దొరికిపోయింది," అన్నాడు చీఫ్, తలుపు మూస్తూనే. "ఆమె మన మనిషని నల్లగొడుగు ముఠాకి తెలిసిపోయింది. ఇంకో అరగంటలో మీటింగుకి రమ్మన్నారు. బెల్ నొక్కగానే సైలెన్సర్ పిస్టల్‌తో తలుపు తీస్తారు. వార్నింగ్ పంపు. ఇప్పుడే."

గద్ద ఒకప్పుడు కదిలే రైలు మీంచి దూకిన ఏజెంట్. మోకాలు పోయాక విభాగం వాళ్ళు అతన్ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, ఇంటి మొక్కల మీద బ్లాగు రాయమన్నారు. మెరుపుకి ఫోన్ చెయ్యకూడదు, మెయిల్ ఇవ్వకూడదు; అవి ముందు ముఠా చేతికే వెళ్తాయి. బ్లాగులో పెట్టే ఫొటోయే కోడ్. పూసిన మొక్క పెడితే దారి క్లియర్. ఎండిన మొక్క పెడితే పారిపో.

మెరుపు డబుల్ ఏజెంట్. ఆమె పార్టీలోకి నడిచొస్తే శత్రు జనరల్స్ చేతిలో గ్లాసులు ఒలికిపోతాయని ప్రతీతి. ఆ జనరల్స్‌కి తెలియని సంగతొకటి ఉంది. ఆమె గద్దకి సొంత అక్క.

చిక్కల్లా బ్లాగుకి ఆ అక్క తప్ప వేరే దిక్కులేకపోవడం. ఒక్కరే చదివే బ్లాగంటే ఎవడికైనా అనుమానం వస్తుందని చీఫ్‌కి బెంగ పట్టుకుంది. అందుకే ఆ ఉదయం సిస్టమ్స్ అమ్మాయి వచ్చి బ్రౌజర్లో ఒక యాడ్-ఆన్ పెట్టి వెళ్ళింది. "మీరు రెండు ముక్కలు రాస్తే చాలు సార్, మిగతాది అదే అల్లేస్తుంది. జనం ఎగబడి చదువుతారు. ట్రై చేసి చూడండి," అంది.

గద్ద ఎండిన మొక్క ఫొటో ఎక్కించాడు. కింద తన మామూలు ధోరణిలో, "నీళ్ళు పొయ్యడం చేతకానివాళ్ళకి మొక్కలెందుకో" అని ఒక ముక్క రాసి పబ్లిష్ నొక్కాడు. స్క్రీన్ మూలన చిన్న చక్రం తిరిగింది. "మీ పోస్టును మెరుగుపరిచాం!" అని సంబరంగా ఒక మెసేజ్ వచ్చింది.

ఎండిన మొక్క మాయమైంది. దాని చోట విరగబూసిన ఎర్రపూల కుండీ, కింద ఒక్క ముక్క బదులు బారెడు రాత ఉన్నాయి.

"దారి క్లియర్ అని వెళ్ళిపోయింది సార్." గద్ద స్క్రీన్ వైపు వేలు చూపించాడు.

"మార్చవయ్యా!"

ట్రయల్ వెర్షన్లో మార్చడం కుదరదంది యాడ్-ఆన్. డిలీట్ అసలే కుదరదంది. ఇంకో పోస్టు పెడదామంటే రోజుకి ఒకటేనంది. ఒళ్ళుమండి దాన్ని పీకేశాడు. అది పోతూ పోతూ బ్లాగు పాస్‌వర్డ్ కూడా చంకనేసుకుని పోయింది. సిస్టమ్స్ అమ్మాయి పరిగెత్తుకొచ్చి, కొత్త పాస్‌వర్డ్ రావడానికి గంట పడుతుందని చెప్పి ఏడుపు మొహం పెట్టింది.

"కొరివితో తల గోక్కున్నాం," అన్నాడు చీఫ్.

అంతలో గోడ మీది పెద్ద స్క్రీన్ వెలిగింది. అది మెరుపు భుజం మీది బ్రోచ్‌లోని కెమెరా. ఆమె ముందున్నదంతా వీళ్ళకి కనిపిస్తుంది, వినిపిస్తుంది. వీళ్ళ మాట మాత్రం ఆమెకి చేరదు.

మెట్లు. కారిడార్. మూసిన తలుపు. ఆమె చేతిలో ఫోన్, ఫోన్లో ఎర్రపూలు. వేలు బెల్ వైపు లేచింది.

"వద్దక్కా!" గద్ద వెళ్ళి అరచేతులు రెండూ స్క్రీన్‌కి ఆనించాడు. "అక్కా, వద్దే!" ఎందరి మెడలనో వంచిన చేతులవి. ఆ ఒక్క వేలిని ఆపలేకపోతున్నాయి. చీఫ్ మొహం పక్కకి తిప్పుకున్నాడు.

బెల్‌కి బెత్తెడు దూరంలో వేలు ఆగింది. ఫోన్ మళ్ళీ పైకొచ్చింది. బొటనవేలు పోస్టుని కిందికి జరిపి, ఒకచోట నిలిచిపోయింది. ఆ వెంటనే గోడలు గిర్రున తిరిగాయి. మెట్లు, మళ్ళీ మెట్లు, ఎవడిదో కేక, టప్ టప్‌మని రెండు చప్పుళ్ళు. తెర నల్లబడింది.

ఆ తర్వాత గదిలో టీలు చల్లారాయి. కిటికీ బయట వీధి దీపాలు వెలిగాక ఎమర్జెన్సీ ఫోన్ మోగింది.

"బతికే ఉన్నాన్రా. బోర్డర్ దాటేశాను. వాళ్ళ బాంబు ప్లాన్ లిప్‌స్టిక్ గొట్టంలో భద్రంగా ఉందని మీ చీఫ్‌కి చెప్పు."

"నీకెలా తెలిసిందే? పూల ఫొటో కదా వెళ్ళింది!"

"పూలు చూసి బెల్ నొక్కబోయాను. ఎప్పుడూ లేంది ఇంత పొడుగు రాశావేంటా అని చదివాను. 'మీ ఓపికే, మీ ప్రేమే లేకపోతే నేను ఈ రోజు ఇలా ఉండేవాణ్ణి కాదు' అనుంది. నువ్వు! నాకు! ఎవరో నీ కణతకి పిస్టల్ పెట్టి రాయించారనుకుని పరిగెత్తాను."

చీఫ్ పగలబడి నవ్వాడు. గద్ద నవ్వలేకపోయాడు. అమ్మ పోయాక తనని సాకింది అక్కే. మోకాలు పోయినప్పుడు ఆసుపత్రి కుర్చీలో కునికిందీ అక్కే. తను ఒక్కనాడూ ఆమెని మెచ్చుకున్న పాపాన పోలేదు. అతనికి సిగ్గేసింది.

"అక్కా, అది మిషన్ రాసిందే గానీ... నిజమే. నువ్వు లేకపోతే నేను లేనే."

అవతల ఆమె గొంతు బాగా తగ్గించి మాట్లాడింది.

"ఒరేయ్ తమ్ముడూ, వాళ్ళింకా నీ పక్కనే ఉన్నారా? ఉంటే ఒక్కసారి దగ్గు."

ఏడుపు దిగమింగబోయిన గద్దకి సరిగ్గా అప్పుడే పొలమారి దగ్గొచ్చింది.