సంతకం పెట్టనన్న సొలిసిటర్

"ఆ కొత్త పద్ధతిలో అయితే చిప్స్ కొట్లో పొట్లాలు కట్టినా రెండేళ్ల అనుభవమని చూపించొచ్చట కదా?" అంది బెథన్ హోవర్త్, ఆఫీసులో చేరిన మొదటి రోజునే.

"చూపించొచ్చు. పొట్లాం మీద సొలిసిటర్ సంతకం ఉండాలంతే," అన్నాడు డెక్లన్ ఆర్మరాడ్, తల ఎత్తకుండానే.

ఇంగ్లండులో ప్రెస్టన్ అనే ఊళ్లోని ఆ చిన్న లా ఆఫీసులో వాళ్లవి రెండు దారులు. ఆమెది పాత దారి. కోర్సు చదివి, వందమందిలో ఒకరికి దొరికే ట్రైనీ సీటు సంపాదించి, రెండేళ్లు శిక్షణ పొందితే సొలిసిటర్, అంటే పూర్తిస్థాయి లాయరు. అతనిది కొత్త దారి. రెండు పెద్ద పరీక్షలు, ఎక్కడైనా రెండేళ్ల లా పని, ఆ పని నిజంగా చేశాడని ఒక సొలిసిటర్ ధ్రువీకరణ. తలుపులు అందరికీ బార్లా తెరిచామని పైవాళ్లు ప్రకటించారు. తాళంచెవి మాత్రం యథాప్రకారం ఎవరో ఒకరి జేబులోనే ఉంది.

ఆరేళ్లుగా ఇళ్ల అమ్మకాల ఫైళ్లు చూస్తున్న డెక్లనే ఆమెకు పని నేర్పాడు. రెండేళ్లు తిరిగేసరికి ఆమె సొలిసిటర్ అయింది, అతను అదే కుర్చీలో ఉన్నాడు. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా!

మధ్యలో ఆమెను ప్రేమించడమనే అదనపు పని కూడా నెత్తిన పడింది. చెబితే కాబోయే సొలిసిటర్‌ని కాకా పడుతున్నాడంటారని నోరు మెదపలేదు.

పరీక్షలు రెండూ గట్టెక్కాడు. మిగిలింది ధ్రువీకరణ ఫారం ఒక్కటే. ఆఫీసు నడిపిన పెద్దాయన రిటైరయ్యాక అక్కడున్న సొలిసిటర్ బెథన్ ఒక్కతే. వాన దంచుతున్న ఒక మంగళవారం ఫారం తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

ఆమె చివరిదాకా చదివి వెనక్కి తోసింది. "నేను పెట్టను."

"నా పనిలో తప్పుందా?"

"లేదు."

"మరి? నీకు ఫైలు కట్టడం దగ్గర్నుంచీ నేనే నేర్పాను, బెథన్. ఈ కాగితం లేకపోతే ఇన్నేళ్లూ బూడిదలో పోసినట్టే." ఇంకెవరు కాదన్నా ఇంత బాధపడేవాడు కాదు.

"సొంత ప్రయోజనం ఉన్నచోట సంతకం పెట్టకూడదు. అది కూడా నువ్వే నేర్పావు."

"ఇందులో నీకేం ప్రయోజనం?"

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. కిటికీ వైపు చూస్తూ, "నువ్వు," అంది.

డెక్లన్ ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఎప్పట్నుంచి?"

"పోయిన నవంబరు నుంచి. తేదీ కూడా కావాలా? మన బ్లాక్‌బర్న్ బ్రాంచి నుంచి సొలిసిటర్ మార్జరీ గారు రేపొచ్చి నీ ఫైళ్లు చూసి సంతకం పెడతారు. ఆవిడకి నువ్వంటే ఏ అభిప్రాయమూ లేదు. నీ పేరు డెరెక్ అనుకుంటున్నారు."

"అయితే నేనూ ఒకటి చెప్పాలి. నాది రెండేళ్ల నుంచి."

"రెండేళ్లా?" ఆమె ఇప్పుడు తిన్నగా అతని వైపే చూసింది. "ఫుల్‌టైమా, పార్ట్‌టైమా?"

"ఫుల్‌టైమే. సెలవుల్లో కూడా."

"దానికైతే నేనే సంతకం పెడతాను," అంది బెథన్.