పద్మావతమ్మ కట్టిన పొట్లం

"నా కూతుర్ని నేనే చంపుకున్నానేమో, కనుక్కుని చెప్పండి బాబూ," అంది పద్మావతమ్మ, కుర్చీలో కూర్చోకుండానే.

గవర్నర్‌పేటలో మందుల దుకాణం పైనున్న ఆ గదికి రకరకాల మనుషులు వస్తుంటారు. భార్య మీద, భాగస్వామి మీద, కాబోయే అల్లుడి మీద అనుమానంతో వస్తారు. తన మీద తనకే అనుమానం కలిగి వచ్చిన మనిషిని డిటెక్టివ్ కరిముల్లా చూడటం అదే మొదటిసారి. అసిస్టెంట్ సాయిశ్రీ గబగబా లేచి ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. ఆమె గ్లాసు పట్టుకుందే గాని తాగలేదు.

ఆమెది కంకిపాడు. భర్త పోయి చాలా కాలమైంది. కూతురు రుచిత విజయవాడలో లెక్చరర్. వేసవి సెలవుల్లో తమ్ముడు పవన్‌కుమార్‌నీ, తోటి లెక్చరర్ జుబియానీ వెంటబెట్టుకుని వియత్నాం టూరుకెళ్ళింది. అక్కడ మెకాంగ్ నది మీద గైడు తిప్పి చూపించే పడవలోంచి నీళ్ళల్లో పడిపోయింది. ఇంటికి శవం వచ్చింది.

"బయల్దేరేటప్పుడు అమ్మవారి పసుపు కుంకుమ పొట్లం కట్టి నేనే ఇచ్చానండీ. ఏ దేశంలో ఉన్నా నది గంగమ్మే కదా, నడిమధ్యలో వేసి దణ్ణం పెట్టుకోమన్నాను. అది వెయ్యబోయి జారిపోయిందని మావాడు చెప్పాడు. నేనివ్వకపోతే అది వంగేదా? మీరే చెప్పండి, వంగేదా?"

నోట్లో పెట్టిన మెతుకు లోపలికి పోవడం లేదని ఆమెను చూస్తేనే తెలుస్తోంది. సాయిశ్రీకి ఏడుపొచ్చింది. కరిముల్లా మాత్రం ఓదార్చలేదు.

"కనుక్కుంటానమ్మా. తెలిసింది తెలిసినట్టే చెబుతాను. మధ్యలో వద్దన్నా ఆగను."

"ఆగొద్దు బాబూ."

మర్నాడు పవన్ వచ్చాడు. చదువు పూర్తయి ఉద్యోగం వెతుక్కుంటున్న కుర్రాడు. మాసిన గడ్డం, లోతుకుపోయిన కళ్ళు.

"నువ్వెక్కడున్నావప్పుడు?" అడిగాడు కరిముల్లా.

"పడవ వెనకాల, అక్క దగ్గరే సార్. మిగతావాళ్ళంతా ముందువైపు గైడు చుట్టూ ఉన్నారు."

"లైఫ్ జాకెట్ ఏమైంది?"

"పూజకి అడ్డమని తీసేసింది."

"పొట్లం విప్పడం చూశావా?"

"చూశాను సార్. కుంకుమ నీళ్ళ మీద ఎర్రగా పరుచుకుంది. అంతలో పడవ ఊగింది."

చెబుతూనే భోరుమన్నాడు. అవి దొంగ ఏడుపులు కావని సాయిశ్రీకి అనిపించింది. కరిముల్లా కూడా కాదనలేదు.

టూరు నడిపిన తిరుపతిరావుకి తన భయం తనది. "ఎక్కేటప్పుడే గైడు అందరికీ జాకెట్లు తొడిగించి, బిగించి మరీ చూసిందండీ. మావైపు ఏ లోపం లేదండీ," అన్నాడు.

జుబియాని కాలేజీ స్టాఫ్ రూములో కలిశారు.

"ఆ రోజు పొద్దున్నుంచీ తనకి ఒంట్లో బాగాలేదు సార్. పగోడా చూడ్డానికి వెళ్తే తను లోపలికి రాలేదు, బయట మెట్ల మీదే కూర్చుంది."

"గుళ్ళంటే ఇష్టం లేదా ఆమెకి?"

"అయ్యో, గుడి కనిపిస్తే చాలు, బస్సాపించి మరీ దిగేది."

"పడిపోయే ముందు ఏమైనా వినిపించిందా?"

"ఇంజను చప్పుడు సార్. వెనక నుంచి పవన్ గొంతు. 'ఇంకొక్కటక్కా, నవ్వు' అన్నాడు. అంతే, ఆ తర్వాత అందరూ అరుపులు..."

"ఆమె వస్తువులేమైనా మీ దగ్గరున్నాయా?"

జుబియా తల దించుకుంది. కరిముల్లా ఓ క్షణం ఆమెను చూసి లేచాడు. "సాయిశ్రీ, నేను కింద టీ తాగొస్తాను. నేనడగలేనిది నువ్వడుగు."

టీ తాగి వచ్చేసరికి సాయిశ్రీ కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. ఆమె చెప్పింది విని ఆయన తలూపాడు. "మీకెలా తెలిసింది సార్?" అని సాయిశ్రీ ఆశ్చర్యపోయింది. ఆయన తెలివి చూసి అలా ఆశ్చర్యపోవడం ఆమెకు ఇష్టం.

ఆదివారం అందరూ కంకిపాడులో పద్మావతమ్మ ఇంట కూర్చున్నారు. గోడమీద దండ వేసిన రుచిత ఫోటో ఉంది. కరిముల్లా నిలబడే మాట్లాడాడు.

"అమ్మా, మీ పొట్లం మీ అమ్మాయిని చంపలేదు."

సాయిశ్రీ తన బ్యాగులోంచి చిన్న కాగితం పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. చుట్టూ ఎర్రదారం. పద్మావతమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది.

"నేనేసిన ముడే ఇది. విప్పనే లేదు."

"విప్పలేదమ్మా. ఆ రోజు పొద్దున రుచితకి నెలసరి వచ్చింది. మా ఇంట్లో ఆడవాళ్ళు కూడా ఆ రోజుల్లో నమాజు చెయ్యరు. గుడంటే ప్రాణమిచ్చే అమ్మాయి పగోడా బయట కూర్చుందనగానే నాకు అనుమానమొచ్చింది. పసుపు కుంకుమ తాకకూడదని, తన హ్యాండ్‌బ్యాగులోంచి దీన్ని జుబియా చేత తీయించి, ఆమె దగ్గరే ఉంచమంది. తలస్నానం చేశాక ఇంకో నదిలో వేస్తానంది."

జుబియా వెక్కుతూ, "మీకిది తిరిగివ్వడానికి మొహం చెల్లలేదాంటీ. పూజ చేస్తూ పడిందని మీకు చెప్పారన్న సంగతి నాకు తెలీదు," అంది.

"ఇలాంటివి తమ్ముళ్ళకెవరు చెబుతారు?" అన్నాడు కరిముల్లా. "మీరు పొట్లమివ్వడం పవన్ చూశాడు. అక్క దాన్ని నదిలో వేసే ఉంటుందని మీరు నమ్ముతారని అదే చెప్పాడు. ముడి విప్పని పొట్లంలోంచి కుంకుమ ఎలా పడింది పవన్? పూజ చేసుకునే మనిషిని 'ఇంకొక్కటి, నవ్వు' అని ఎవరైనా అడుగుతారా? అది వీడియో తీసేవాడి మాట. జాకెట్ తీయించింది కూడా దానికే."

తిరుపతిరావు ఊపిరి గట్టిగా వదిలాడు. ఆ చప్పుడుకి ఆయనకే సిగ్గేసింది.

పవన్ నేల చూపులు చూస్తూ మాట్లాడాడు. "కొత్త చీర కనబడట్లేదని జాకెట్ తియ్యమన్నాను. అంచు మీద కూర్చోమన్నాను. కడుపునొప్పిరా, వద్దురా అంది. నేనే బతిమాలాను. నవ్వింది, అంతలో పడవ ఊగింది. వీడియో చెరిపేశానమ్మా. ఫోన్లో నువ్వు, ఎలా పడిందిరా అని అరుస్తుంటే, నోటికి నీ పొట్లమే వచ్చింది."

"అప్పుడు సరే," అంది పద్మావతమ్మ. "ఆ తర్వాత? నేనే చంపానని తల బాదుకుంటుంటే, నా పక్కనే కూర్చుని చేతులు పట్టుకుని ఆపావు కదరా. అప్పుడైనా చెప్పబుద్ధి కాలేదా?"

పవన్ కిందకి జారి తల్లి పాదాలు పట్టుకోబోయాడు. ఆమె కాళ్ళు వెనక్కి లాక్కుంది. అది చూసి సాయిశ్రీ మొహం తిప్పుకుంది. ఈసారి ఆమెకు తన గురువుగారి తెలివి మీద ముచ్చటేమీ కలగలేదు.

"మీ తప్పేమీ లేదమ్మా. ఆ బెంగ ఇక వదిలెయ్యండి," అన్నాడు కరిముల్లా. అంటుంటేనే ఆ మాట ఎంత తేలికైందో ఆయనకు తెలిసింది.

పద్మావతమ్మ పొట్లాన్ని కొంగులో ముడేసుకుంది.

"నేనే చంపాననుకున్నన్నాళ్ళూ నాకు కొడుకైనా ఉన్నాడు బాబూ."